నడీన్ డబ్బా చప్పుడు

ఎడారి అంచున ఓకోటియో పార్కులో నూట పన్నెండు ట్రెయిలర్ ఇళ్లున్నాయి, చక్రాల మీద లాక్కొచ్చి నిలబెట్టిన రేకు ఇళ్లు. ఈ వసంతం దాకా ప్రతి ఇంటి తలుపు పక్కనా మేకుకు వేలాడుతూనో, కిటికీ గట్టు మీదనో ఒక డబ్బా ఉండేది. కూల్‌డ్రింకు తాగి పారేసిన రేకు డబ్బా, అందులో పదిహేను గులకరాళ్లు, నోటికి అడ్డంగా అంటించిన టేపు. ఊపితే చెవులు చిల్లులు పడేంత రొద. నూట పన్నెండూ నడీన్ ప్రూయిట్ చేతి మీదుగా తయారైనవే. ఇప్పుడు ఎవరింట్లోనైనా గిన్నెలో బఠానీలు పోసిన చప్పుడు విన్నా చాలు, ఆమెకు మెడ నుంచి చెవుల దాకా ఎర్రబడిపోతుంది. పాలిపోయిన తెల్లటి మనిషి కావడంతో, దాచుకుందామన్నా దాగదు.

ఆ డబ్బాలు కయోటీల కోసం. పార్కు వెనక ఇసుక వాగుంది. ఏడాదికి పది రోజులు నీళ్లు పారితే గొప్ప, మిగతా రోజులన్నీ అది కయోటీల దారి. నక్క కంటే పెద్దవి, తోడేలు కంటే చిన్నవి, ఆ రెండింటి తెలివీ ఉన్నవి. మనిషి అలికిడైతే అవతలి గట్టెక్కి సర్కారు తుమ్మల్లో కలిసిపోయే రకం. కానీ పిల్లులూ, ఒళ్లో పట్టే కుక్కలూ వాటి కంటికి కుందేళ్లే. ఆ పార్కులో ఉన్నదంతా అరవై దాటినవాళ్లు, వాళ్ల చంకల్లో ఉన్నవన్నీ పిడికెడు కుక్కలు. అందుకని కొత్తగా ఎవరు దిగినా, వాళ్ల సామాను లోపలికి చేరకముందే నడీన్ ఒక డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడేది.

"వినండి. పరిగెత్తొద్దు, పరిగెత్తితే కుందేలైపోతారు. వీపు చూపొద్దు. కుక్కను చంకన పెట్టుకోండి. చేతులు పైకెత్తి ఇంతెత్తున కనపడండి. డబ్బా ఊపుతా, మీ మొగుణ్ని తిట్టినట్టు తిట్టండి. అది తోక ముడిచిందాకా అక్కణ్నించి కదలొద్దు. అన్నిటికన్నా ముఖ్యం, తిండి బయట పెట్టొద్దు. పిల్లి మేత కాదు, పండు తొక్క కాదు, ఏదీ వద్దు. తిండి పెట్టిన వీధిలోనే అది మనిషిని కరుస్తుంది."

ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అదే అసలు తలవంపు. తెలియక చేసినవాళ్లకు తెలియలేదన్న సాకైనా ఉంటుంది, నడీన్‌కు అది కూడా లేదు.

ఆమెది అంతకుముందు పెద్ద చరిత్ర ఏమీ కాదు. కొండలకు అవతల గని ఊళ్లో, బడి వంటింట్లో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసింది. పెళ్లి చేసుకుంది. ఆరేళ్లకు ఆ మహానుభావుడు అలాస్కాలో చేపలు పట్టి వస్తానని వెళ్లాడు, చేపా రాలేదు, ఆయనా రాలేదు. బడి వంటింటి గోడకు ఇత్తడి గంట ఒకటుండేది. పన్నెండుకు దాన్ని నడీనే కొట్టేది. గంట మోగిందంటే ప్రతి పళ్లెం నిండాలి, అది ఆమె పట్టుదల. చారు తక్కువైన రోజున నీళ్లు కలిపిందే గాని, ఉత్త చేతుల్తో గంట కొట్టలేదు. అన్నేళ్లలో ఆమె పేరు తెలిసిన పిల్లలు పదిమంది కూడా ఉండరు. అందరికీ ఆమె తెల్ల టోపీ ఆవిడ, అంతే.

అలాంటి మనిషికి అరవై ఎనిమిదో ఏట ఓకోటియో పార్కులో ఒక హోదా దొరికింది. డబ్బా దొరసాని అన్నారు. మొదట ఎగతాళికే అన్నారు, తర్వాత అదే పేరు నిలిచింది. క్లబ్బు ఇంట్లో ఒక సాయంత్రం అందరూ చప్పట్లు కొట్టి, మీద డబ్బా బొమ్మ కుట్టిన టోపీ ఆమె నెత్తిన పెట్టారు. ఆ టోపీ కుట్టింది పక్కింటి కాన్సువేలో ఇబార్రా. డెబ్భై నాలుగేళ్ల మనిషి. పదిహేనేళ్లు నిండిన ఆడపిల్లలకు వేడుక గౌన్లు కుడుతూ బతుకంతా గడిపింది. నడీన్‌ను పేరు పెట్టి పిలవదు, కొమాద్రే అంటుంది. వాళ్ల భాషలో అది ఎవరిని పడితే వాళ్లను అనే మాట కాదు, ఇంటి మనిషిగా చేసుకున్నవాళ్లనే అంటారు. ప్రతి ఆదివారం మూత పెట్టిన పళ్లెం ఒకటి కంచె మీదుగా వచ్చేది. మొక్కజొన్న పొత్తి ఆకుల్లో చుట్టి ఉడికించిన తమాలెలు, ఎర్రటి అన్నం. కాన్సువేలోకు ఒక కుక్క. చిక్కుడు గింజ రంగులో, చిక్కుడు గింజకు కాస్త పెద్దగా ఉండేది. దాని పేరు ఫ్రిహోల్, అంటే చిక్కుడు గింజే. నడీన్ వస్తే చాలు, ఆమె పాదం మీద పొట్ట ఆనించి పడుకునేది.

నిరుడు జూలైలో వాన ఎగ్గొట్టింది. ఒక సాయంత్రం నడీన్ పెరటి మెట్టు మీద కూర్చుని కోడి తొడ తింటోంది. వాగులో ఒక ఆడ కయోటీ నిలబడి ఉంది. ముందరి ఎడమ కాలు నేలకు ఆనించడం లేదు. పక్కటెముకలు ఇక్కణ్నించి లెక్కపెట్టుకోవచ్చు. నడీన్ లేచి తన ధర్మంగా డబ్బా ఊపింది. అది మూడు కాళ్ల మీద పదడుగులు పోయి, ఇక పోలేక కూలబడింది. కూలబడి ఆమె చేతికేసి చూసింది.

ముప్పై ఒక్క ఏళ్లు పళ్లేలు నింపిన చెయ్యి ఊరుకోలేదు. మిగిలిన కోడిని తీసుకెళ్లి వాగు గట్టున బల్లపరుపు రాయి మీద పెట్టి వచ్చింది. ఇంతలో కంచె అవతలి నుంచి కాన్సువేలో గొంతు వినిపించింది.

"డబ్బా ఊపావు, ఏమైనా వచ్చిందా కొమాద్రే?"

"వచ్చింది. తరిమా."

"నువ్వున్నావు కాబట్టి సరిపోయింది. లేకపోతే మా చిక్కుడు గింజ ఏమైపోయేదో."

మర్నాడు సాయంత్రం కయోటీ మళ్లీ వచ్చింది. నడీన్ మళ్లీ డబ్బా ఊపింది. దాన్ని బెదిరించడానికి కాదు, పక్కిళ్లకు వినపడాలని. చప్పుడు లేకుండా వాగు గట్టుకు నడిస్తే ఎందుకు నడిచావని అడుగుతారు, చప్పుడు చేసి నడిస్తే తరమడానికి వెళ్లిందనుకుంటారు. మూడో రోజూ అంతే. ముందు డబ్బా, తర్వాత పళ్లెం. కంచే చేను మేస్తే ఇక అడిగేవాడెవడు.

పేరు పెట్టలేదు. పేరు పెడితే పెంచినట్టవుతుందని తన మనసుకు తనే సర్ది చెప్పుకుంది. నెల తిరిగేసరికి డబ్బా చప్పుడుకు అది ఉలిక్కిపడటం మానేసింది. మూడు నెలలకు చప్పుడు విని పొదలోంచి లేచి రావడం మొదలుపెట్టింది. నడీన్‌కు నవ్వొచ్చింది. బడి పిల్లలు గంటకు లేచొచ్చినట్టు వస్తోందే అనుకుని మురిసిపోయింది కూడా. ఈ కథలో ఆమెను అన్నిటికన్నా ఎక్కువగా కాల్చేది ఆ మురిపెమే. కళ్ల ముందు జరుగుతున్నది చూసి, అదేమిటో అర్థమై, ముచ్చటపడింది.

మార్చి రెండో మంగళవారం, పొద్దున ఆరున్నర. నడీన్ వంటింట్లో గుడ్లు గిలకొడుతోంది. వాగు పక్క బాట మీద డబ్బా మోగింది. నిజం చెప్పాలంటే, ఎవరికి ఏమైందోనన్న ఆలోచన ఆమెకు ముందు రాలేదు. ఇంకా వేళ కాలేదే, అనుకుంది. అనుకున్న మరుక్షణం, ఆ చప్పుడు విని వచ్చేదేమిటో తట్టింది. గిన్నె అక్కడే వదిలేసి, వట్టి కాళ్లతో కంకర మీద పరిగెత్తింది.

కాన్సువేలో బాట మధ్యలో కూలబడి ఉంది. ఇంట్లో తొడిగే చెప్పులు, నైటీ మీద స్వెట్టరు. కుడి అరచెయ్యి చీలి రక్తం కారుతోంది. ఎడం చేత్తో డబ్బా ఇంకా ఊపుతూనే ఉంది. పక్కన కుక్క తాడు, దాని చివర ఖాళీ పట్టీ.

"ఊపానే," అంది. "నువ్వు చెప్పినట్టే. పరిగెత్తలా. వీపు చూపలా. వాణ్ని చంకనేసుకున్నా. అది అవతలి గట్టున ఉండింది కొమాద్రే, దాని మానాన అది పోతా ఉండింది. నేను ఊపగానే నిలబడింది. ఊపే కొద్దీ వచ్చింది. కుంటుకుంటా, చుట్టపుచూపుకు వచ్చినట్టు వచ్చి ఎదురుగా కూర్చుంది. నా మొహం కూడా చూడలా. చేతులే చూస్తా ఉండింది. వీడు మొరిగి కిందకు దూకాడు. దాని నోట్లోంచి లాక్కోబోయా."

"ఇక ఆపు," అంది నడీన్. "డబ్బా ఆపు."

"ఆపితే మళ్లీ వస్తదేమో."

నడీన్ ఆ డబ్బాను చేతిలోంచి లాగేసుకుంది. తువ్వాలు తెచ్చి చెయ్యి చుట్టింది. ఫ్రిహోల్ ఆ తర్వాత వాగు మలుపులో దొరికాడు. షూ పెట్టెలో సరిపోయాడు.

పిచ్చికుక్క రోగం రాకుండా రెండు వారాల్లో నాలుగు విడతల సూదులు వేయాలన్నారు. నాలుగుసార్లూ నడీనే కారు నడిపింది. పోవడం అరగంట, రావడం అరగంట. నాలుగు ప్రయాణాలు, చెప్పడానికి కావలసినంత వ్యవధి. మొదటిసారి పోతుండగా కాన్సువేలో కిటికీలోంచి చూస్తూ అంది.

"నేను గట్టిగా ఊపలేదేమో కొమాద్రే. చేతిలో వాడున్నాడు, ఒంటి చేత్తో ఊపాను. నువ్వైతే రెండు చేతులా ఊపుతావు."

"అది నీ తప్పు కాదు."

"మరి ఎందుకొచ్చింది?"

"దానికి రోగం వచ్చి ఉంటుంది. మతి పోయి ఉంటుంది."

ఆ మాట నోట్లోంచి వచ్చాక నడీన్‌కు తన మీద తనకే రోత పుట్టింది. దొంగకు తేలు కుట్టినట్టయింది ఆమె పని. రెండోసారి చెబుదామనుకుంది, కాన్సువేలోకు జ్వరం. మూడోసారి చెబుదామనుకుంది, కాన్సువేలో నిద్రపోయింది. నిద్రపోయినందుకు నడీన్ లోలోపల సంతోషించింది.

ఆ మధ్యలో అడవి జంతువుల శాఖ మనిషి వచ్చాడు. పేరు ఆంటోన్, వాగుకు ఆవల ఓదమ్ అనే ఆదివాసుల పల్లెల్లో పుట్టి పెరిగినవాడు, తక్కువ మాట్లాడతాడు. క్లబ్బు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు.

"కయోటీ ఉట్టినే మనిషి దగ్గరకు రాదు. దానికి మనమంటే చచ్చేంత భయం. ఆ భయం పోయిందంటే ఎవరో పోగొట్టారన్నమాట. ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. మనిషిని కరిచిన కయోటీ ఎక్కడిదా అని ఆరా తీస్తే, ఎక్కువసార్లు ఎవరింటి వెనకో ఒక పళ్లెం దొరికింది నాకు. ఇక్కడ ఎవరో పెడుతున్నారు. ఎవరైనా సరే, నాతో విడిగా చెప్పినా చాలు."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నడీన్ తన టోపీ సర్దుకుంది. ఎవరూ ఆమెను చూడలేదు. అందరి తలలూ వెనక వరసలో కూర్చున్న డెల్బర్ట్ కైజర్ వైపు తిరిగాయి. రైళ్లలో బ్రేకులేసే పని చేసి రిటైరైన మనిషి, ఎవరితోనూ పొసగదు, కంజుపిట్టలకు రోజూ గింజలు చల్లుతాడు. గింజలకు పిట్టలు, పిట్టలకు కయోటీలు అని లెక్క తేల్చేశారు.

"నా పిట్టలు మీ కుక్కను తిన్నాయా ఏంటి?" అన్నాడు కైజర్.

ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. రెండు రోజుల్లో ఒక కాగితం పుట్టింది, కైజర్ పార్కు వదిలి పోవాలని. అది ఇల్లిల్లూ తిరిగి నడీన్ గుమ్మానికి వచ్చింది. డబ్బా దొరసాని సంతకం లేకపోతే బాగుండదన్నారు. నడీన్ పెట్టింది. వణక్కుండా, పూర్తి పేరుతో పెట్టింది. తలుపు వేసుకున్నాక తన కుడి చేతిని చాలాసేపు సబ్బుతో కడుక్కుంది. ఏం లాభం.

తిండి పెట్టడం మంగళవారం నుంచే మానేసింది. కయోటీ మాత్రం మానలేదు. రోజూ సాయంత్రం వచ్చి రాయి దగ్గర కూర్చునేది, తలుపుకేసి చూసేది, చీకటి పడ్డాక లేచి పోయేది. నడీన్ పరదా వేసేసుకునేది. అప్పుడే ఆమెకు అసలు భయం పట్టుకుంది. పార్కులో నూట పన్నెండు డబ్బాలున్నాయి. కయోటీ వస్తే ఊపమని తనే నేర్పింది. ఎవరు ఊపినా అది అన్నానికి పిలిచినట్టే. జనం మంగళవారం నుంచి బెదిరిపోయి డబ్బా లేకుండా చెత్త పారేయడానికి కూడా పోవడం లేదు.

నిజం చెప్పకుండా దీన్ని సర్దేద్దామని చూసింది. బట్టల బుట్ట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, టేపులు పాతబడ్డాయి, కొత్తవి చేసిస్తానంది. అరవై దాకా పోగయ్యాయి. మూడో రోజునుంచే, మా డబ్బా ఏదని తలుపు తట్టడం మొదలుపెట్టారు. ఇంకో నాలుగు రాళ్లు ఎక్కువేసి ఇవ్వమని బతిమాలారు. కాన్సువేలో అయితే అసలు ఇవ్వనే ఇవ్వలేదు.

"నాది నా దగ్గరే ఉండనీ. నాకు పని ఉంది దాంతో," అంది.

ఆ పనేమిటో నాలుగో సూది అయ్యాక, మర్నాడు సాయంత్రం తెలిసింది. కంచె అవతల డబ్బా మోగితే నడీన్ పరుగున బయటికొచ్చింది. కాన్సువేలో కారు షెడ్డు కింద నిలబడి, ఎడం చేత్తో డబ్బా ఊపుతోంది. ఊపి, ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ ఊపుతోంది. ముందున్న బల్ల మీద రంగులేసిన చిన్న చిన్న డబ్బాలు ఆరున్నాయి. ఒక్కోదాని మీద ఒక్కో పేరు.

"ఎడం చేతికి అలవాటు చేస్తున్నా," అంది. "రోజుకు వందసార్లు. ఈసారి నా వల్ల పొరపాటు జరగకూడదు. ఇవి మా మనవలకు, మనవరాళ్లకు. ఈస్టర్‌కు ఆరుగురూ వస్తున్నారు గదా. పండగ రంగు గుడ్లు వాగు గట్టున దాస్తే వెతుక్కోవడం వాళ్లకు సరదా. ఒక్కొక్కళ్ల చేతికి ఒకటి ఇచ్చి పంపుతా. చూడు, ఈ బుల్లిది లూపీటాది. దానికి నాలుగేళ్లు, చిన్న చేతికి సరిపోవాలని మందుబిళ్లల డబ్బాతో చేశా. ఏం రాళ్లు వేశానో చెప్పు చూద్దాం."

ఊపింది. నడీన్ ఆమెను చూడటం లేదు. కాన్సువేలో భుజం మీదుగా వాగు కనిపిస్తోంది. రాయి దగ్గర కూర్చున్నది లేచింది. చెవులు నిక్కించింది. కుంటుకుంటూ, తొందర లేకుండా, పిలిచిన ఇంటికి వస్తున్నట్టు ఇటే వస్తోంది.

"కాన్సువేలో, ఆపు. ఆ చప్పుడు విని పారిపోదు అది. వస్తుంది. అన్నం పెడతారని వస్తుంది." నడీన్ గొంతు తనకే కొత్తగా వినిపించింది. "పెట్టింది నేనే. ఎనిమిది నెలలు పెట్టాను. డబ్బా ఊపి పెట్టాను. నువ్వు సరిగ్గానే ఊపావు. నువ్వు ఎంత బాగా ఊపితే అది అంత త్వరగా వచ్చింది."

కాన్సువేలో వెనక్కి తిరిగి చూసింది. కయోటీ గట్టు దగ్గర ఆగి ఉంది. ఆమె డబ్బాను నెమ్మదిగా, చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టింది. చప్పుడు ఆగాక కయోటీ కాసేపు నిలబడి, వెనక్కి పోయింది. కాన్సువేలో అది పోయినంత సేపూ చూసి, కుర్చీలో కూర్చుంది.

"రోజూ సాయంత్రం తరిమానని చెప్పేదానివి," అంది.

"చెప్పేదాన్ని."

"ఏం పెట్టేదానివి?"

"కోడి. మిగిలిన రొట్టె. అన్నం."

"అన్నం నువ్వు వండవే."

నడీన్‌కు చెవులు ఎర్రబడ్డాయి.

"ఆదివారం పళ్లెమా?" అంది కాన్సువేలో. "నేను పంపిందా?"

"నాకు కారం పడదు కాన్సువేలో. ఎప్పుడూ పడలేదు. నువ్వు బాధపడతావని చెప్పలేదు. పారేయడానికి చేతులు రాలేదు."

"తమాలెలు కూడానా?"

"ఆకు ఒలిచి పెట్టేదాన్ని."

కాన్సువేలో కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని దానికేసి చూసుకుంది. ఏడవలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే నడీన్‌కు కాస్త తెరిపిగా ఉండేది. లేచి, పేర్లు రాసిన డబ్బాలు ఒక్కొక్కటే చప్పుడు కాకుండా ఒక సంచిలో వేసింది.

"రేపు క్లబ్బు ఇంట్లో చెప్పు. అందరి ముందరా," అంది. "కైజర్ ముందర. లోపలికి పోతున్నా నడీన్."

కొమాద్రే అనలేదు.

మర్నాడు నడీన్ చెప్పింది. టోపీ పెట్టుకోకుండా వెళ్లింది. ఏడు నిమిషాలు పట్టింది. ఎవరినీ చూడకుండా, గోడ మీద మంటలార్పే ఎర్రటి సిలిండరుకేసి చూస్తూ చెప్పింది. సంతకం పెట్టిన సంగతీ చెప్పింది. ఎవరో ఒకామె తన కుక్కను ఒళ్లోకి లాక్కుని కుర్చీ చివరకు జరిగింది, నడీన్ కరుస్తుందేమో అన్నట్టు. కైజర్ వెనక వరసలోంచి లేచి, తన బేస్‌బాల్ టోపీ తీసి వంగాడు.

"డబ్బా దొరసానికి దండాలు. నా పిట్టల తరఫున కూడా," అన్నాడు.

ఆ ఎగతాళి ఆమెకు న్యాయంగానే తోచింది. ఆంటోన్ ఎగతాళి చేయలేదు. అందరూ పోయాక పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మేడమ్, మనిషిని కరిచాక దాన్ని వదలడానికి లేదు. ఇంకోచోటికి తోలితే అక్కడ ఇంకొకళ్ల వాకిలి వెతుక్కుంటుంది. పదకొండు రోజులుగా బోను పెట్టి చూస్తున్నా, పడటం లేదు. దానికి మనుషుల చేతి తిండే కావాలి. మీరు పిలిస్తే వస్తుందా?"

"వస్తుంది," అంది నడీన్.

"ఒక్కసారి పిలవాలి మీరు. రాయి మీద మాత్రం ఏమీ పెట్టొద్దు. తింటా ఉంటే తల కదులుతుంది. గురి తప్పితే దానికే బాధ."

మర్నాడు పొద్దున, వెలుగు పూర్తిగా వచ్చాక, వాగు చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసి ఆమెను నిలబెట్టాడు. తను పది గజాల వెనక, తుమ్మ చెట్టు మొదట్లో తుపాకీతో మోకాలి మీద కూర్చున్నాడు. నడీన్ చేతిలో డబ్బా ఉంది. రెండో చెయ్యి ఖాళీగా ఉంది. ఆ ఖాళీ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

డబ్బా ఊపింది.

అది ఎప్పటికంటే త్వరగా వచ్చింది. పద్దెనిమిది రోజులుగా పెట్టలేదు కదా. కుంటి కాలు కూడా మరిచిపోయినట్టు వచ్చి, రాయికి ఎప్పుడూ కూర్చునే పక్కనే కూర్చుంది. మూతి నాక్కుంది. ఆంటోన్ వైపు చూడనైనా లేదు. రాయిని చూసింది, అక్కడ ఏమీ లేదు. నడీన్ చేతులకేసి చూసింది. ఒక చేతిలో డబ్బా, ఒక చేతిలో ఏమీ లేదు. ఉంటుందిలే అన్నట్టు మళ్లీ రాయిని చూసింది. ఇన్నేళ్ల బతుకులో నడీన్ పెట్టకుండా పిలవడం అదే మొదలు.

ఒక్కటే దెబ్బ. గురి తప్పలేదు.

ఆంటోన్ లేచి వచ్చి, దాని పక్కన కూర్చుని తన భాషలో ఏదో రెండు ముక్కలు అన్నాడు. తర్వాత నడీన్ వైపు తిరిగాడు.

"చాలు మేడమ్. ఇక ఊపక్కర్లేదు," అన్నాడు.

చేతిలో డబ్బా ఇంకా మోగుతోందని అప్పుడు తెలిసింది ఆమెకు. ఆపడానికి రెండో చెయ్యి సాయం పట్టవలసి వచ్చింది.

పరీక్షలో దానికి ఏ రోగమూ లేదని తేలింది. ఆ కబురు కాన్సువేలోకు మంచిదే. నడీన్‌కు మాత్రం, కారులో తను ఆడిన అబద్ధానికి ముద్ర పడ్డట్టయింది. ఈస్టర్‌కు పిల్లలు వచ్చారు. గుడ్లు కారు షెడ్డు కిందే దాచారు. పార్కు వాళ్లు డబ్బాలన్నీ పోగుచేసి చెత్తబండికి ఇచ్చేశారు. ఇప్పుడు కయోటీ వస్తే ఊదడానికి ఈలలు, విప్పి బెదిరించడానికి గొడుగులు అందరికీ. కొత్తగా దిగినవాళ్లకు పాఠం చెప్పేది కైజర్. చివర్లో నడీన్ ఇల్లు చూపించి, ఆ కథ కూడా చెబుతాడు. కిటికీ తెరిచి ఉంటే ఆమెకు ప్రతి మాటా వినిపిస్తుంది. ఆమె కిటికీ మూయదు. వినడం తన వంతు పని అనుకుంటుంది.

జూన్‌లో ఒక ఆదివారం తలుపు చప్పుడైంది. కాన్సువేలో మూత పెట్టిన పళ్లెంతో నిలబడి ఉంది. కంచె మీదుగా అందించలేదు. లోపలికి వచ్చి, బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుని, పళ్లెం నడీన్ ముందుకు తోసింది. కుడి చేతి రెండు వేళ్లు ఇంకా సరిగ్గా మడత పడటం లేదు. ఆకు ఒలవడానికి ఆ వేళ్లతోనే తంటాలు పడింది. నడీన్ సాయం చేయబోతే వద్దంది.

"నా ముందర తిను," అంది.

నడీన్ తినడం మొదలుపెట్టింది. మొదటిదానికి నాలుక మండింది, రెండోదానికి కళ్లలో నీళ్లొచ్చాయి. మూడోది సగంలో ఉండగా ముక్కు తుడుచుకోవడానికి ఆగింది. వాగు వైపు కిటికీకేసి చూసిందేమో, కాన్సువేలో పళ్లేన్ని ఇంకొంచెం ముందుకు జరిపింది.

"ఇంకో మూడున్నాయి," అంది. "నాకేం తొందర లేదు."